ఫెరారీ, లంబోర్గిని, పోర్షే చూడ్డానికి కుటుంబంతో వెళ్లాలంటే: చిత్తూరు నుంచి వచ్చిన ప్రశ్నకు జవాబు

చిత్తూరు నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: పెద్దబ్బాయి పదో తరగతి పరీక్షలు రాస్తున్నాడు, చిన్నమ్మాయికి పదకొండేళ్లు. ఇద్దరికీ సూపర్‌కార్లంటే పిచ్చి. మే నెలలో భార్యాపిల్లలతో పాటు అమ్మానాన్నల్ని కూడా తీసుకుని, మొత్తం ఆరుగురు, పది రోజులు యూరప్ వెళ్లాలని ఉంది. ఫెరారీ, లంబోర్గిని, పోర్షే, మెర్సిడెస్, బుగాటి, వీలైతే మెక్‌లారెన్ కూడా చూడాలి. ఫ్యాక్టరీల లోపలికి రానిస్తారా? ముందు ఏది బుక్ చేసుకోవాలి? అమ్మానాన్న శుద్ధ శాకాహారులు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. వాళ్లకు ఇబ్బంది అవుతుందా?

నేను తిరుపతిలో చిన్న ట్రావెల్ ఆఫీసు నడుపుతున్నాను. కార్ల కోసమే విదేశం వెళ్లే కుటుంబాలకు ప్లాన్ వేసివ్వడం నా పనిలో నాకు బాగా ఇష్టమైన భాగం. కొన్ని కుటుంబాలతో నేనూ వెళ్లాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు సూటిగా జవాబు. మీ పది రోజులకు ముఖ్యంగా రెండు ఊళ్లు పెట్టుకుంటే చాలు: జర్మనీలో స్టుట్‌గార్ట్, ఇటలీలో బొలోన్యా. పోర్షే, మెర్సిడెస్ స్టుట్‌గార్ట్‌లో ఉన్నాయి, ఫెరారీ, లంబోర్గిని బొలోన్యా చుట్టుపక్కల ఉన్నాయి. బుగాటి, మెక్‌లారెన్ ఈసారికి వదిలేయండి. ఫెరారీ ఫ్యాక్టరీ లోపలికి మామూలు సందర్శకుల్ని రానివ్వరు, బస్సులో కూర్చోబెట్టి ఆవరణ తిప్పి చూపిస్తారు. లంబోర్గిని, పోర్షే, అలాగే పగానీ అనే చిన్న ఇటలీ సూపర్‌కార్ల సంస్థ, ఈ మూడు ఫ్యాక్టరీల్లోకి మాత్రం ముందే బుక్ చేసుకుంటే తీసుకెళ్తారు. కాబట్టి విమానం టికెట్ల కంటే ముందు ఈ ఫ్యాక్టరీ టూర్ల తేదీలు చూసుకోండి. మిగతా ప్లానంతా వాటి చుట్టూ కట్టండి. పెద్దవాళ్లని నిస్సంకోచంగా తీసుకెళ్లండి, కానీ వాళ్లకు ఏం కావాలో మొదటి రోజు నుంచీ లెక్కలో పెట్టుకోండి.

ఫ్యాక్టరీ తేదీలే ముందు ఎందుకంటే, తిరుమలకు బయటి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లు 300 రూపాయల దర్శనం స్లాట్ దొరికాకే రైలు టికెట్లు తీస్తారు కదా, ఇదీ అంతే. మ్యూజియం టికెట్లు చివరి వారంలో కూడా దొరుకుతాయి. ఫ్యాక్టరీలోకి కొద్దిమందినే, చిన్న చిన్న బృందాలుగా తీసుకెళ్తారు. ఆరుగురికీ ఒకే బృందంలో చోటు కావాలంటే నెలల ముందే చూసుకోవాలి. ఇప్పుడే ఆ కంపెనీల వెబ్‌సైట్లు తెరిచి, మే నెలలో ఏ రోజుల్లో, ఏ భాషలో టూర్లు ఉన్నాయో చూడండి. ఇంగ్లిష్ టూర్ లేని రోజున ఇటాలియన్ వివరణ వింటూ పిల్లలు ఏం ఆనందిస్తారు చెప్పండి.

మీరు మే నెల ఎంచుకోవడం మంచిదే. పిల్లాడి పరీక్షలు అయిపోతాయి, ఇంటర్ క్లాసుల హడావిడి మొదలుకాదు. ఆగస్టులో వెళ్లాలనుకుని ఉంటే వద్దనేవాణ్ని, ఎందుకంటే ఆ నెలలో ఇటలీలో ఫ్యాక్టరీలు వేసవి సెలవులకు మూతపడతాయి. మేలోనూ కొన్ని జాగ్రత్తలున్నాయి. ఏప్రిల్ 25, మే 1, జూన్ 2 ఇటలీలో జాతీయ సెలవులు. జర్మనీలో ఈస్టర్‌ని బట్టి తేదీ మారే ఒక గురువారం సెలవు ఉంటుంది, అది చాలాసార్లు మేలోనే పడుతుంది. శని, ఆదివారాల్లో ఎక్కడైనా ఫ్యాక్టరీ లైన్ ఆగి ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సోమవారం జర్మనీలో మ్యూజియాలు మూసేస్తారు. పోర్షే, మెర్సిడెస్, మ్యూనిక్‌లోని బీఎండబ్ల్యూ మ్యూజియం, మూడింటికీ సోమవారమే సెలవు. ఫెరారీ వాళ్ల రెండు మ్యూజియాలూ క్రిస్మస్ రోజు, జనవరి 1 తప్ప ఏడాదంతా తెరిచే ఉంటాయి.

ఇవన్నీ కలుపుకుంటే మీకు నేను వేసే ప్లాన్ ఇలా ఉంటుంది. మంగళవారం పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగండి. చెన్నై నుంచి నేరుగా విమానం ఉంది, పెద్దవాళ్లతో మధ్యలో మారే బాధ ఉండదు. అక్కణ్నుంచి స్టుట్‌గార్ట్‌కి ఫాస్ట్ రైల్లో గంటన్నర లోపే. ఆ రోజు ఏమీ పెట్టుకోకండి. బుధవారం మెర్సిడెస్, గురువారం పోర్షే. శుక్రవారం మ్యూనిక్ వెళ్లి సాయంత్రం బీఎండబ్ల్యూ వాళ్ల కార్ల ప్రదర్శనశాల బీఎండబ్ల్యూ వెల్ట్ చూడండి, దానికి టికెట్ లేదు. శనివారం మ్యూనిక్ నుంచి బ్రెన్నర్ కనుమ మీదుగా రైల్లో బొలోన్యా. దాదాపు ఏడు గంటల ప్రయాణం, కిటికీ పక్కనంతా ఆల్ప్స్ కొండలు. విమానం ఎక్కితే త్వరగా వెళ్తాం కదా అంటారు. ఎయిర్‌పోర్టులో ఆరుగురి సామాను, సెక్యూరిటీ, ఎదురుచూపు అన్నీ కలిపితే మిగిలేది పెద్దగా ఉండదు. ఆదివారం ఫెరారీ. సోమ, మంగళవారాల్లో ఒక రోజు లంబోర్గిని, ఒక రోజు పగానీ, స్లాట్ ఎలా దొరికితే అలా. బుధవారం మిలాన్, గురువారం తిరుగు ప్రయాణం. ఒక దేశంలో దిగి ఇంకో దేశం నుంచి ఎక్కేలా టికెట్ తీస్తే వెనక్కి వెళ్లే ఖర్చు, అలసట రెండూ తప్పుతాయి.

స్టుట్‌గార్ట్ సంగతి. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులన్నారు కాబట్టి మెర్సిడెస్ మ్యూజియంతో మొదలుపెట్టమంటున్నాను. 2006లో కట్టిన ఈ భవనంలో లిఫ్టులో నేరుగా పై అంతస్తుకి తీసుకెళ్తారు, అక్కణ్నుంచి ఏటవాలు దారిలో మెల్లగా దిగుతూ రావడమే. పైకి వెళ్లగానే మొదట కనిపించేది కారు కాదు, ఒక తెల్ల గుర్రం బొమ్మ. దాని తర్వాత 1886 నాటి బెంజ్ మూడు చక్రాల బండి. ఆడియో గైడ్ టికెట్‌లోనే వస్తుంది.

పలమనేరు నుంచి ఒక కుటుంబంతో నేను అక్కడికి వెళ్లినప్పుడు వాళ్ల తాతగారు కూడా వచ్చారు. ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయినాయన. రానని మొండికేస్తే మనవడు బతిమాలి తీసుకొచ్చాడు. ఆ మూడు చక్రాల బండి వెనక్కి వెళ్లి, వంగి చూస్తూ ఆగిపోయారు. ఒకే సిలిండర్, ఒక హార్స్‌పవర్ కూడా లేని ఇంజను. దాని కింద పెద్ద ఫ్లైవీల్ అడ్డంగా పడుకోబెట్టి ఉంటుంది. "సెల్ఫ్ లేదు, కిక్ లేదు. ఈ చక్రాన్ని చేత్తో తిప్పితేనే బండి లేస్తుంది. ఇక్కణ్నుంచి బెల్టు, అక్కణ్నుంచి చైను" అని మనవడికి వేలితో చూపిస్తూ మొత్తం పవర్ ఎలా చక్రాలకు చేరుతుందో చెప్పారు. పక్కనున్న బోర్డు ఆయన చదవలేదు. ఆ తర్వాత మిగతా ట్రిప్పంతా ఆ కుర్రాడు ఏ కారు ముందు నిలబడ్డా ముందు తాతనే పిలిచాడు. పెద్దవాళ్లకు అక్కడేముంటుందని అడిగే వాళ్లందరికీ నేను ఈ సంగతే చెప్తాను. రెండు తలుపులూ రెక్కల్లా పైకి లేచే 300 ఎస్ఎల్ కారు పిల్లలకు, పాత బస్సులు, లారీలు, పోప్ ఎక్కిన బండి పెద్దవాళ్లకు. నాలుగు గంటలు ఇట్టే గడిచిపోతాయి.

పోర్షే మ్యూజియం దీనికంటే చిన్నది, 2009లో తెరిచారు. లోకల్ రైలు దాని ముందే ఆగుతుంది. చూడ్డానికి రెండు గంటలు చాలు. అసలు విశేషం రోడ్డుకి అటువైపున్న ఫ్యాక్టరీ, పోర్షే 911 మోడల్ కారు తయారయ్యేది అక్కడే. ఫ్యాక్టరీ స్లాట్ దొరికితే మ్యూజియం ముందో వెనకో సర్దుకోండి.

ఫెరారీ విషయంలో పిల్లలకు ఇంట్లోనే ఒక మాట చెప్పి తీసుకెళ్లండి. ఫ్యాక్టరీ లోపల ఇంజను బిగించడం చూస్తామని ఊహించుకుని వస్తారు. ఆ భాగ్యం కారు కొన్నవాళ్లకే. మనకు మ్యూజియం టికెట్‌తో పాటు విడిగా అమ్మే బస్సు టూర్ ఉంది. ఫియొరానో టెస్ట్ ట్రాక్ పక్క నుంచి, ఫ్యాక్టరీ భవనాల మధ్య నుంచి తిప్పుతారు. దిగనివ్వరు, ఫోటోలు తీయనివ్వరు. అయినా నేను వెళ్లమనే చెప్తాను. ట్రాక్ మధ్యలో ఎర్ర కిటికీ తలుపులతో ఒక తెల్ల ఇల్లు కనిపిస్తుంది, కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీ వాడుకున్నది. ఆర్కిటెక్ట్ రెంజో పియానో డిజైన్ చేసిన విండ్ టన్నెల్ (కారు మీదికి గాలి వదిలి పరీక్షించే భవనం) బయటి నుంచే ఒక యంత్రంలా ఉంటుంది. అదృష్టం బాగుంటే ట్రాక్ మీద బండి పరిగెత్తే చప్పుడు వినిపిస్తుంది.

మ్యూజియాలు రెండు. ఒకటి మొడెనాలో, రైల్వే స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, 1898లో ఎంజో పుట్టిన ఇంటి పక్కనే. కారు బానెట్ లాంటి పసుపు పచ్చ కప్పు ఉంటుంది. ఫెరారీ అంటే ఎరుపే అనుకునే పిల్లలకు చెప్పండి, ఫెరారీ గుర్తులో గుర్రం వెనకున్న పసుపు మొడెనా ఊరి రంగు. రెండోది మరనెల్లోలో, దాదాపు 20 కిలోమీటర్ల దూరం. రెండింటికీ కలిపి ఒకే టికెట్ ఉంది, మధ్యలో షటిల్ బస్సు తిరుగుతుంది. మరనెల్లోలో ఫార్ములా వన్ కార్లు, ట్రోఫీలు వరసగా పెట్టిన హాలు ఉంది, మీ అబ్బాయిని అక్కణ్నుంచి కదిలించడం కష్టమే. రేసులో ఫెరారీ గెలిస్తే ఆ ఊరి చర్చిలో గంటలు మోగిస్తారు. ఎఫ్‌వన్ సిమ్యులేటర్‌కి విడిగా డబ్బు కట్టాలి, పొడవు నిబంధన ఉంటుంది.

మ్యూజియం బయట అద్దెకు ఫెరారీ ఇచ్చే ప్రైవేటు దుకాణాలు వరసగా ఉంటాయి. నిమిషాల లెక్కన తీసుకుంటారు, పక్కన వాళ్ల మనిషి కూర్చుంటాడు. నడపాలనుకుంటే మన లైసెన్సుతో పాటు ఆర్టీవో ఆఫీసులో ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు పోను మీ జేబులోంచి ఎంత కట్టాలో సంతకం పెట్టే ముందు చదవండి. ఆ అంకె చూసి చాలామంది ఫోటో దిగి వచ్చేస్తారు. నా సలహా కూడా అదే. ఆ డబ్బు లంబోర్గిని ఫ్యాక్టరీ టూర్‌కి పెట్టండి.

ఎందుకంటే పిల్లలకు ఈ ట్రిప్‌లో జీవితాంతం గుర్తుండేది లంబోర్గిని లైన్. 1963లో ట్రాక్టర్లు చేసే ఫెరుచ్చో లంబోర్గిని పెట్టిన కంపెనీ, ఇప్పటికీ అదే ఊళ్లో, సాంతాగాతా బొలొన్యేజెలో ఉంది. మ్యూజియంలో మియురా, కౌంటాష్ లాంటి లంబోర్గిని పాత మోడళ్లు చూసి, అక్కడే ఫ్యాక్టరీ టూర్‌లో కలవాలి. మనకు శ్రీసిటీ, పెనుకొండ చుట్టుపక్కల కార్ల ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి రోబోలు వరసగా వెల్డింగ్ చేసే దృశ్యం ఊహించుకుంటాం. ఇక్కడ మనిషి చెయ్యి ఎక్కువ. బండి ఒక చోట ఆగుతుంది, ఆ చోట చేయాల్సిన పని మనుషులు పూర్తి చేస్తారు, తర్వాతి చోటికి జరుగుతుంది. సీట్ల తోలు విభాగం దగ్గర తప్పకుండా ఆగి చూడమనండి. పెద్ద తోలును బల్ల మీద పరిచి, వెలుతురులో అంగుళం అంగుళం తడిమి చూస్తారు. చిన్న గీత, మచ్చ ఎక్కడున్నా గుర్తు పెడతారు, ఆ భాగాలు తప్పించి మిగతాదే కోస్తారు. సూపర్‌కారు ఖరీదు ఎక్కడ పుడుతుందో ఆ బల్ల దగ్గర అర్థమవుతుంది. మీ అమ్మగారి లాంటి వాళ్లకు మాత్రం తోలు విభాగం ఉంటుందని ముందే చెప్పండి. ఇష్టం లేకపోతే ఆ సమయానికి మ్యూజియంలో కూర్చోవచ్చు.

లోపల ఫోన్ కెమెరాలు వాడనివ్వరు. చెప్పులతో కాకుండా బూట్లతో వెళ్లండి. పాస్‌పోర్టులు దగ్గర పెట్టుకోండి. ఇక కనీస వయసు నిబంధన ఒక్కో ఫ్యాక్టరీకి ఒక్కోలా ఉంటుంది. మీ అమ్మాయికి పదకొండేళ్లు కాబట్టి, డబ్బు కట్టే ముందు బుకింగ్ పేజీలో వయసు చూడండి. గేటు దగ్గర ఆపేస్తే ఆ పిల్ల మనసు ఎంత కష్టపడుతుందో ఆలోచించండి.

పగానీ చాలా చిన్న సంస్థ. అర్జెంటీనా నుంచి వచ్చిన హొరాసియో పగానీ మొడెనా దగ్గర సాన్ చెజారియోలో పెట్టింది. 1999లో వచ్చిన జోండా, తర్వాత వచ్చిన హుయైరా కార్లు ఇక్కడివే. కార్బన్ ఫైబర్ పని ఇంత దగ్గర్నుంచి చూసే వీలు తక్కువ చోట్లే ఉంటుంది. మీ అబ్బాయికి ఇంజనీరింగ్ వైపు ఆసక్తి ఉంటే దీన్ని వదలొద్దు. లంబోర్గినికీ పగానీకీ రైలు దిగి నడిచి వెళ్లే వీలు లేదు, ఆ రెండు రోజులకు డ్రైవర్‌తో ఎనిమిది సీట్ల వ్యాన్ మాట్లాడుకోండి. సొంతంగా కారు తీసుకుని నడుపుతానంటే ఒక హెచ్చరిక. బొలోన్యా, మొడెనా లాంటి ఊళ్ల పాత నగరంలోకి అనుమతి లేని బండ్లు వెళ్లకూడదు. కెమెరా నంబరు పట్టేస్తుంది, జరిమానా చీటీ నెలల తర్వాత ఇంటికొస్తుంది.

బుగాటి, మెక్‌లారెన్ ఎందుకు వద్దన్నానంటే, ఆ రెండు ఫ్యాక్టరీలూ మామూలు సందర్శకులకు తెరిచి ఉండవు. మెక్‌లారెన్ ఇంగ్లండ్‌లో ఉంది, దానికి వీసా కూడా వేరే. పాత బుగాటిల కోసం ఫ్రాన్స్‌లోని ముల్హౌస్ మ్యూజియం ఉంది, అది అద్భుతం. కానీ మీ పది రోజుల్లో ఇరికిస్తే మిగతావన్నీ పరుగులవుతాయి.

తిండి సంగతి పెద్దవాళ్లకు కార్ల కంటే ముఖ్యం. బొలోన్యా, మొడెనా ప్రాంతం పంది మాంసానికి పేరుమోసింది. మాంసం ముక్క కనబడనంత మాత్రాన శాకాహారం అనుకోకండి. అక్కడ పూరీలా పొంగే 'న్యొక్కో ఫ్రిట్టో'ని సంప్రదాయంగా పంది కొవ్వులోనే వేయిస్తారు. 'పియదీనా' రొట్టె పిండిలోనూ అదే కలుపుతారు. 'సెంజా స్ట్రుట్టో' అంటే పంది కొవ్వు లేకుండా అని, ఆ రెండు మాటలు రాసి పెట్టుకోండి. 'తొర్తెల్లీని' అనే చిన్న పాస్తా చుట్టల లోపల మాంసం ఉంటుంది. పర్మేజానో చీజ్‌ను దూడ పొట్టలోంచి తీసే రెన్నెట్‌తో తోడుపెడతారు, దాన్ని పాస్తా మీద చల్లకుండానే ఇవ్వమని చెప్పాలి. టమాటా సాస్‌తో గుడ్డు కలపని పాస్తా, చీజ్ లేని మరినారా పిజ్జా, కాల్చిన కూరగాయలు ఇబ్బంది లేకుండా తినొచ్చు. రాత్రి హోటళ్లు ఏడున్నరకి గానీ తెరవరు. బీపీ, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు ఇది టెన్షన్. అందుకే బొలోన్యాలో వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమంటాను. బియ్యం, కందిపొడి, పులిహోర పేస్టు ఉంటే సాయంత్రాలు హాయిగా గడుస్తాయి.

ఇంటి నుంచి ఏం తీసుకెళ్లాలో కూడా చూసుకోండి. నెయ్యి, పాలకోవా, పెరుగు లాంటి పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకెళ్లకూడదు. మేలో వెళ్తున్నారు, చిత్తూరు వాళ్లు, బంగినపల్లి పళ్లు సర్దాలని చేతులు లాగుతాయి. తాజా మామిడి పళ్లకు మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి, లేకపోతే కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. పొడులు, ఊరగాయలు సరే, ఊరగాయ మాత్రం చెక్-ఇన్ బ్యాగులో పెట్టండి.

ఇక వీసా. షెంగెన్ వీసా ఒకటి తీసుకుంటే రెండు దేశాలకూ సరిపోతుంది. ఎక్కువ రాత్రులు ఎక్కడుంటే ఆ దేశానికి దరఖాస్తు చేయాలి. పై ప్లాన్‌లో జర్మనీలో నాలుగు రాత్రులు, ఇటలీలో ఐదు కాబట్టి ఇటలీకే. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. మే ప్రయాణానికి జనవరిలోనే అపాయింట్‌మెంట్ పట్టండి, వేసవికి స్లాట్లు చాలా త్వరగా అయిపోతాయి. ఫీజు పెద్దవాళ్లకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45. అంటే మీ ఆరుగురికి 495 యూరోలు, దరఖాస్తు కేంద్రం సర్వీసు చార్జీ అదనం. మెడికల్ ఇన్సూరెన్సు కనీసం 30,000 యూరోలకు ఉండాలి. మోకాళ్లు, బీపీ లాంటి పాత జబ్బుల్ని కవర్ చేస్తుందో లేదో పాలసీలో చూసి తీసుకోండి.

మన జిల్లా వాళ్లకు ఎక్కువగా ఎదురయ్యే చిక్కు పేర్లది. తమిళనాడు పక్కనే ఉన్నాం కాబట్టి ఒకే ఇంట్లో తండ్రికి ఇంటిపేరు, కొడుకుకి తండ్రి పేరు ఇనీషియల్, తల్లి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ. ఈ ఆరుగురూ ఒకే కుటుంబమని వీసా అధికారికి కాగితాల్లో కనిపించాలి. పిల్లల జనన ధ్రువపత్రాలు, మీ పెళ్లి సర్టిఫికెట్, మీకూ మీ అమ్మానాన్నలకూ సంబంధం చూపే కాగితం ముందే సిద్ధం చేసుకోండి. అమ్మానాన్నల ఖర్చు మీరే పెట్టుకుంటుంటే ఆ సంగతి లేఖలో రాసి, మీ ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. టికెట్లు, ఫ్యాక్టరీ బుకింగులు అన్నీ పాస్‌పోర్టులో ఉన్న పేరుతోనే, ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి.

వీసా రాకముందే ఫ్యాక్టరీ టికెట్లు కొంటే డబ్బు పోదా అని అడుగుతారు. నా పద్ధతి చెప్తాను. హోటళ్లు ఉచితంగా రద్దు చేసుకునేవి తీసుకుంటాను, విమానం టికెట్లు వీసా తర్వాత లేదా రద్దు వీలున్న రకం. ఫ్యాక్టరీ స్లాట్ మాత్రం ముందే కొనేస్తాను. మొత్తం ఖర్చులో అది చిన్న భాగం, తర్వాత ఎంత డబ్బు పెట్టినా దొరకనిది అదొక్కటే. టూర్ ప్యాకేజీగా ఎవరి దగ్గరైనా కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే ముందుగా వసూలు చేసే ఆదాయపు పన్ను) పట్టుకుంటారు, అది మీ ఐటీ రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, రసీదు దాచుకోండి.

తేదీలు అనుకున్నాక, లంబోర్గిని స్లాట్ ఏ రోజుకు దొరికిందో ఇక్కడ రాయండి. దాన్నిబట్టి బొలోన్యాలో మిగతా రోజులు అటూ ఇటూ ఎలా జరపాలో చెప్తాను.